గడియ

నెలరోజులు పెట్టె అడుగున పడేసిన తెల్లకోటు తీసి, దాని చిరిగిన చేతిని ఆమె పొద్దున్నే కుడుతూ కూర్చుంది. అప్పటికే ఇల్లు ఊడ్చి, ముగ్గురి అన్నం డబ్బాలు కట్టి, అత్తగారికి మాత్రలిచ్చి, ఆవిడ తిరిగిచ్చిన సూటిపోటి మాటలు పుచ్చుకోవడం కూడా అయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదట, ఊరికే ఎవడూ చేయి చేసుకోడట. మొగుడుగారు ఇంకా దయగలవారు. కోటు చిరిగి వచ్చిన రోజున, "చిరిగింది గుడ్డేగా, నువ్వు కాదుగా" అని ఓదార్చి, తన తువ్వాలెక్కడుందని అడిగాడు.

చిరిగిందేదో ఆమెకు తెలుసు. ఆసుపత్రిలో ఆమె పెద్ద సిస్టరు. నర్సులు బట్టలు మార్చుకునే గది తలుపుకి లోపల గడియ లేదు. స్టూలు అడ్డం పెట్టి ఒకరు దాని మీద కూర్చుంటే, ఇంకొకరు మార్చుకోవాలి. ఆ రోజు ఆమె ఒక్కతే ఉంది. చనిపోయిన రోగి తాలూకు మనుషులు నలుగురు స్టూలుతో సహా తలుపు తోసుకొచ్చి, చేయి పట్టి వరండాలోకి లాగారు. సగం తొడిగిన కోటుతో నిలబడ్డ ఆమెను వార్డు వార్డంతా చూసింది. అప్పటినుంచి ఇంట్లో స్నానాలగది గడియ కూడా రెండుసార్లు తడిమి చూసుకుంటోంది.

గొడవ పైదాకా పోయింది. ఆసుపత్రి భద్రతకని ప్రభుత్వం నిధులిచ్చింది. ఎవరికేం కావాలో రాసిమ్మన్నారు. ఆమె రాసింది ఒక్క ముక్క: "నర్సుల గదికి గడియ." ఆఫీసు గుమాస్తా మహా పండితుడు. పాపం, సిస్టరు తొందరలో మాట సగంలో వదిలేసిందనుకుని పూర్తిచేసి పంపాడు. గడియారం వచ్చింది. అలాంటిలాంటిది కాదు, బండిచక్రమంత. అది గంట కొడితే మత్తుమందు ఎక్కినవాడు కూడా లేచి టైమెంతని అడుగుతాడని వార్డులో చెప్పుకున్నారు. కెమెరాలూ వచ్చాయి. సిస్టర్లు ఎప్పుడొచ్చారో, ఎంతసేపు కూర్చున్నారో అన్నీ చూస్తాయి. ఆ తలుపు వైపు మాత్రం ఒక్కటీ తిరగదు.

పనులన్నీ తృప్తికరంగా పూర్తయ్యాయని ఇవాళ ఆమె సంతకం పెట్టాలి. "గీకి పారెయ్, ప్రమోషన్ ముందర పేచీలెందుకు? గడియంటావా, నువ్వే ఒకటి కొని బిగించుకో" అన్నాడు మొగుడు. బిగించుకోగలదు. ఇంట్లో కారే కొళాయి నుంచి ఆయనగారి ఊడిన బొత్తాం దాకా బిగించేది తనే. అన్నీ తనే బిగించి, అంతా బాగానే ఉందని మళ్ళీ తనే ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్ళుగా ఒప్పుకుంటూనే ఉంది. దారం కొరికి, కోటు తొడుక్కుంది.

ఆఫీసుగదిలో పెద్ద డాక్టరు కాగితం ముందుకు జరిపాడు. "ఇంకా ఆలోచనేంటమ్మా? గడియారం బ్రహ్మాండంగా తిరుగుతోందిగా."

"తిరుగుతోంది సార్." ఆమె పెన్నుకి మూత పెట్టింది. "మీరొక్కసారి ఆ గదిలోకెళ్ళి చొక్కా మార్చుకుని రండి. స్టూలు మేం తీసేస్తాం. మీరొచ్చాక సంతకం పెడతాను."

గుమాస్తా నవ్వబోయి ఆగాడు. పెద్ద డాక్టరు చేయి, ఆయనకు తెలియకుండానే, చొక్కా పై బొత్తాం దాకా వెళ్ళి, పెట్టి ఉందా లేదా అని రెండుసార్లు తడిమి చూసుకుంది.