మేస్త్రికి వయసైపోయిందా?

ఓడినవాడు సాకులు చెప్పడం ఎక్కడైనా మామూలే. గెలిచినవాడు సాకులు చెప్పడం మాత్రం మా బావ దగ్గరే చూశాను.

బావ అంటే మా అక్క మొగుడు. ఇరవయ్యారేళ్ళ కిందట, తన ఇరవై నాలుగో ఏట, బాక్సింగ్‌లో మేస్త్రిని పది రౌండ్లలో పాయింట్ల మీద ఓడించిన మనిషి. మేస్త్రి నిజంగానే ఇటుకలు పేర్చే మేస్త్రి. పగలంతా గోడ కట్టి సాయంత్రం రింగ్‌లోకి దిగేవాడు. ఒక్క దెబ్బ వృథా చేసేవాడు కాదు. ఇటుక మీద ఇటుక పెట్టినట్టు అదే చోట, అదే కొలతలో కొట్టుకుంటూ పోయేవాడు, ఎదుటివాడు కూలేదాకా. పదకొండేళ్ళు ఛాంపియన్‌గా ఉన్నాడు. ఆయన్ని చూసే మా బావ గ్లవ్స్ తొడిగాడు.

నాది తోలుపని. సంచులు, బెల్టులు, చెప్పులు. వీధి చివర జిమ్ వాళ్ళ గ్లవ్స్ చిరిగినా నేనే కుడతాను. ఆ రోజు బావ కార్నర్‌లో బకెట్ పట్టుకుని నిలబడ్డదీ నేనే. కాబట్టి ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకుంది, మాట్లాడతాను కూడా.

ప్రతి ఆదివారం బావ నా కొట్టుకొచ్చి స్టూలు లాక్కుని కూర్చుంటాడు. ఐదు నిమిషాల్లో మొదలవుతుంది.

"ముప్ఫై ఏడేళ్ళురా అప్పటికి ఆయనకి. కాళ్ళు బరువెక్కిపోయాయి. ఐదేళ్ళ కిందటి మేస్త్రి అయితే నన్ను మోసుకుపోయేవాళ్ళు."

"కాళ్ళు బరువెక్కినాయన్ని మూలకి తోలలేక మొదటి నాలుగు రౌండ్లూ గాలిని కొట్టావు కదా బావా, మర్చిపోయావా?"

"అది అనుభవం."

"మరి అనుభవాన్ని లెక్కలో వెయ్యవా? ముప్ఫై రెండులో పది దెబ్బలతో చేసే పని ముప్ఫై ఏడులో మూడింటితో చేశాడు. దాన్ని వయసైపోవడం అనరు, పని రావడం అంటారు. ఇరవయ్యేళ్ళప్పుడు నేను కుట్టిన సంచులు చూశావా? కుక్క కూడా కొరకదు."

"తర్వాతి నెలలోనే మానేశాడుగా! ఒంట్లో సత్తువుంటే ఎందుకు మానేస్తాడు?"

ఇక్కడికొచ్చేసరికి నా దగ్గర జవాబుండదు. నాకు మండిపోతుంది. సొంత గెలుపుని ఇలా చీపురు పెట్టి ఊడ్చేసుకునేవాణ్ణి ఎక్కడా చూడలేదు. అక్క అయితే, "మీ ఇద్దరి గోలకి ఆ పెద్దాయనకి వారం వారం పొలమారుతుంటుంది," అంటుంది.

నవ్వుతూ చెబుతున్నాను కానీ బావకి ఇది నవ్వులాట కాదు. మేస్త్రితో ఒక్క మాట మాట్లాడాలన్నది ఆయన జీవితంలో తీరని కోరిక. గెలిచిన మర్నాడు పేపరువాళ్ళు అడిగితే, "మేస్త్రికి వయసైపోయింది కాబట్టి బతికిపోయాను," అని కళ్ళనీళ్ళతో చెప్పాడు. అది అచ్చయింది. ఆ తర్వాత మూడుసార్లు మేస్త్రి ఇంటికెళ్ళాడు, తలుపు తియ్యలేదు. ఓసారి బజార్లో ఎదురుపడితే మేస్త్రి రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్ళిపోయాడు. ఆ రోజు బావ అన్నం తినలేదు.

మొన్న మంగళవారం మేస్త్రి కూతురు నా కొట్టుకొచ్చింది. సంచిలోంచి ఒక పాత గ్లవ్స్ జత తీసింది. చూడగానే పోల్చుకున్నాను. ఎడంచేతి బొటనవేలి దగ్గర కుట్టు పూర్తిగా విడిపోయింది.

"నాన్నవండీ. గోడకి తగిలిద్దామని. బాగవుతాయా?"

"బంగారంలా చేస్తానమ్మా. ఒక్కమాట అడగనా? మా బావంటే నాన్నగారికి అంత కోపమెందుకు? ఓడించినందుకేనా?"

ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "ఓడిపోయినందుకు కాదండీ. నన్ను ముసలాణ్ణన్నాడు అంటారు. ముసలాణ్ణి చేసి, ఎదురుగా నిలబడి చూపించాడు అంటారు. అదేమిటో నాకూ తెలీదు."

నాకు తెలుసు. ఆ నిలబడటం వెనకాల సంగతి ఈ లోకంలో ముగ్గురికే తెలుసు: బావకి, అక్కకి, నాకు.

ఆదివారం బావతో, "పద, ఒకచోట గ్లవ్స్ ఇచ్చి రావాలి," అన్నాను. ఎవరింటికో మెట్ల దగ్గర చెప్పాను. వెనక్కి తిరగబోతే మోచెయ్యి పట్టుకుని మూడంతస్తులూ ఎక్కించాను.

తలుపు మేస్త్రే తీశాడు. అరవై మూడేళ్ళ మనిషి, నడుము తిన్నగా ఉంది. నలిగిపోయిన చెవి, పలకల్లాంటి అరచేతులు. నన్ను చూశాడు, నా వెనక బావని చూశాడు. తలుపు వేసేస్తాడనుకుని గ్లవ్స్ ముందుకు చాపాను. ఆయన వాటిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కుట్టు మీద వేలితో రాసి చూశాడు.

"పని బాగుంది," అన్నాడు నాతో.

బావ నోరు ఊరుకోలేదు. "మేస్త్రిగారూ, ఆ రోజు మీ వయసు..." అని మొదలెట్టాడు. నాకు తల బాదుకోవాలనిపించింది.

"ఆపు!" అన్నాడు మేస్త్రి. "ఇరవయ్యారేళ్ళుగా ఊరంతా అదే చెప్పుకు తిరుగుతున్నావు."

"గౌరవంతో అన్నానండీ. మీ పాత సత్తా తెలిసినవాణ్ణి కాబట్టి..."

"గౌరవమా? ఆ ఫైటుకి ఐదు నెలలు కష్టపడ్డాను. నా పని నేను అంత బాగా చేసిన రోజు ఇంకొకటి లేదు. ఒక్క మాటతో దాన్ని తీసి చెత్తలో పారేశావు. ఐదేళ్ళ కిందటి మేస్త్రి ఎవడు? వాడొచ్చాడా రింగ్‌లోకి? వచ్చింది నేను. పైగా ఆరో రౌండు నుంచీ విరామంలో నువ్వు స్టూలు మీద కూర్చోలేదు. నేను ఇవతల ఆయాసపడుతుంటే, అలుపు లేదన్నట్టు నిలబడ్డావు. నాలుగుసార్లు! జనం చప్పట్లు కొట్టారు."

బావ గుమ్మం వైపు తిరిగాడు. నాకు ఒళ్ళు మండింది.

"చెప్పు బావా! నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

బావ నేల చూపులు చూస్తూ చెప్పాడు. "పొగరు కాదండీ. కూర్చోలేక. ఆరో రౌండులో మీ ఎడంచేతి దెబ్బ పక్కటెముకల మీద పడింది. రెండు విరిగాయి. కూర్చుంటే ఇంక లేవలేనని తెలిసిపోయింది."

"నెలన్నరలో ఇంకో ఫైటు ఒప్పుకున్నామండీ," అన్నాను నేను. "తెలిస్తే రద్దవుతుందని మూసిపెట్టాం. ఆ తర్వాత చెబుదామంటే మీరు తలుపు తియ్యలేదు. మా అక్క మూడు వారాలు దిండ్లు పేర్చి, కూర్చోబెట్టి నిద్రపుచ్చింది."

మేస్త్రి గ్లవ్స్ కిటికీలో పెట్టి బావ దగ్గరికొచ్చాడు. "చొక్కా ఎత్తు," అన్నాడు.

బావ ఎత్తాడు. ఆ పెద్ద వేళ్ళు ఎముకల మీద ఒక్కొక్కటే తడుముకుంటూ వచ్చి ఒకచోట ఆగాయి. వంకరగా అతుక్కున్న బొడిపె అక్కడే ఉంది. మేస్త్రి ముఖం ఎలా వెలిగిందో చెప్పడం నా వల్ల కాదు.

"అమ్మాయ్! ఇలా రా! రెండట!"

కూతురు తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది. "ఏమిటి నాన్నా?"

"మళ్ళీ చెప్పరా, అమ్మాయి వినలేదు."

బావ మళ్ళీ చెప్పాడు. మేస్త్రి తలూపుతూ విన్నాడు.

"కొట్టగానే చేతికి తెలిసిందిరా. మోచెయ్యి దాకా తెలిసింది. జీవితంలో అంత మంచి దెబ్బ కొట్టలేదు నేను. నువ్వేమో స్తంభంలా నిలబడ్డావు. అంత దెబ్బకీ వీడు చలించలేదంటే నా చేతిలో ఇంకేం లేదనుకున్నాను. అందుకే మానేశాను."

బావ చేతులు జోడించాడు. మేస్త్రి ఎందుకు మానేశాడని ప్రతి ఆదివారం బావ నన్నడిగే ప్రశ్నకి జవాబు ఇంతకాలం బావ చొక్కా కిందే ఉంది. మేస్త్రి చెయ్యి ఆ రోజు నిక్షేపంలా ఉంది, ఆ సంగతి ఆయనకి తెలియకుండా దాచిపెట్టింది మేమే.

మేస్త్రి ఆ జోడించిన చేతుల్ని కిందికి దించాడు. "అదంతా వదిలెయ్. ఇప్పుడు చెప్పు. ఆ రోజు నాకు వయసైపోయిందా?"

ఇరవయ్యారేళ్ళుగా గొంతు చించుకుని వాదించిన మనిషి, పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

"లేదండీ," అన్నాడు చివరికి.

"అయితే నువ్వు ఓడించింది నన్నేరా," అన్నాడు మేస్త్రి.

బావ అక్కడున్న కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనిన్నేళ్ళు అరిచి చెప్పినా వినని మాట, ఆయన నోటి నుంచి ఒక్కసారికే విన్నాడు.