పన్నెండు నిమిషాలు, నాలుగు సెకన్లు

నాలుగేళ్ళ పిల్ల రంగు పెన్సిలు కోసం పక్కపిల్లను తిట్టిన తిట్టేమిటో బడి పంతులమ్మ ఫోన్లో చెప్పలేకపోయింది. "నా నోటితో అనలేనండీ. ఇంకోసారి అందంటే మాత్రం పిల్లను ఇంట్లోనే ఉంచుకోండి" అని పెట్టేసింది. తల్లికి తల కొట్టేసినట్టయింది. అసలు ఆవిడ ఉద్యోగమేమిటి? టీవీలో వేసే సినిమాల్లో బూతుమాట ఎక్కడ దొర్లినా దానిమీద 'కీఁ'మని బీప్ వేయడం. ఊళ్ళో పిల్లలందరి చెవులకూ కాపలా కాసే మనిషి ఇంటికే కన్నం పడిందన్నమాట.

దొంగెవరు? మొగుడు కాదు. కాలివేలు గడపకు కొట్టుకున్నా "అమ్మా" అని తప్ప ఇంకో మాట ఎరగడు. ఇక మిగిలింది మామగారు. ముప్పై ఏళ్ళు లారీ తోలిన మనిషి. ఆయన నోరు విప్పితే ఎదుటి బండివాడు చెవులు మూసుకుని దారిచ్చేవాడని అత్తగారు బతికున్నప్పుడు మురిపెంగా చెప్పేది.

కోడలు ఆయనమీద ఓ కన్నేసి ఉంచింది. చూసేకొద్దీ అనుమానం ముదిరింది. ఈ ఏడాది నుంచీ ఆమె పని ఇంట్లోనే. హాల్లో బల్ల ముందు కూర్చుని పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుందో లేదో, ఈయన పిల్ల చెయ్యి పట్టుకుని పార్కుకు బయలుదేరేవాడు. మండుటెండైనా అంతే. వాన పడితే తన గదిలోకి తీసుకుపోయి, తలుపేసి, రేడియో పెద్దగా పెట్టేవాడు. మంచి నేర్పేవాడికి తలుపెందుకు, రేడియో ఎందుకు? పని ఆపి పిల్లిలా వెళ్ళి తలుపుకు చెవి ఆనించేసరికి రేడియో ఆగిపోయేది. లోపల ఏదో పావురాల కథ నడుస్తుండేది. ఆరితేరిన మనిషి మరి!

శనివారం ఇక ఆగలేక అడిగేసింది.

"మామయ్యగారూ, పిల్లకు ఆ మాట ఎవరు నేర్పారో మీకు తెలుసు కదూ?"

ముసలాయన తల దించుకున్నాడు. "తెలుసమ్మా."

"ఎవరు?"

"అది నేను చెప్పలేనమ్మా."

ఇంకేం కావాలి! "కొన్నాళ్ళు మా మరిది ఇంట్లో ఉండండి. నాకు పిల్ల బడి ముఖ్యం" అంది.

"సరేనమ్మా" అన్నాడాయన, అంతే. తప్పు లేనివాడు అలా కిక్కురుమనకుండా ఊరుకుంటాడా?

ఆదివారం పొద్దున ఆయన చొక్కాలు సంచిలో సర్దుకుంటుంటే పిల్ల ఆయన కాళ్ళకు చుట్టుకుని ఏడ్చింది. "తాత మళ్ళీ వస్తాడులే, వెళ్ళి ఆడుకో" అని తల్లి విడదీసింది. పిల్ల ముక్కు ఎగబీల్చుకుంటూ హాల్లోకి పోయి, అమ్మ కుర్చీ ఎక్కి, హెడ్‌ఫోన్లు తలకు తగిలించుకుంది. పెన్సిలు పట్టుకుని కాగితం మీదకు వంగింది.

"పన్నెండు నిమిషాలు. నాలుగు సెకన్లు" అంది గట్టిగా. ఆ వెంటనే ఆ మాట. కాగితం మీద ఓ గీత గీసింది. "పదమూడు నిమిషాలు..."

తల్లి కొయ్యబారిపోయింది. పదేళ్ళుగా ఆమె పనిచేసే తీరే అది. తిట్టు ఎన్నో నిమిషంలో వచ్చిందో, ఏం తిట్టో పైకి అనుకుంటూ రాసుకుంటుంది. అనకపోతే వరస తప్పుతుంది. ఆఫీసులోనైతే తలుపులు మూసిన గది కాబట్టి వినేవాళ్ళు ఉండేవారు కాదు. చెవులు మూసుకుపోయి ఉంటాయి కాబట్టి ఎంత గట్టిగా అంటోందో తనకూ తెలియదు.

"మామయ్యగారూ..." అంది సంచి వైపు చూస్తూ. "ఒక్క మాట చెప్పకపోయారా?"

"ఏమని చెప్పనమ్మా? నీ నోట బూతులొస్తున్నాయని కోడలితో అనేదా?" సంచి మూతి బిగిస్తూ అన్నాడు. "లారీ తోలినవాణ్ణే కానీ, నాకూ ఓ మర్యాదుంది."

ఆమె సంచి లాక్కుని, కళ్ళు తుడుచుకుంటూ చొక్కాలు ఒక్కొక్కటీ మళ్ళీ అలమరలో పెట్టసాగింది. సిగ్గుతో ఆయన ముఖం చూడలేకపోయింది.

"పద్నాలుగు నిమిషాలు..." అంది హాల్లోంచి పిల్ల.

ముసలాయన చెయ్యి అలవాటుకొద్దీ రేడియో మీదకు పోయింది.