అక్క మూసికొన్న వాకిలి

శ్రావణమాసపు సాయంసంధ్యవేళ విశాఖపట్టణ సాగరతీరమున నీలమేఘమాలికలు గిరిశిఖరములపై వ్రాలి తుంపరలతోడి గాలికి మెల్లమెల్లగ చెదరుచు మరల కూడుచు నుండెను. కెరటముల ఘోషయు వానచినుకుల సవ్వడియు నొండొంటితో మేళవించి యిది నేల యిది నీరు అను భేదమును మఱపించుచు నగరమునెల్ల నర్ధనిమీలితనేత్రయగు స్వప్నవతినిబోలె నొనర్చుచుండెను.

అట్టి వేళ కొండవాలునందలి ప్రతీతి ఫౌండేషనువారి మేడపై గాజుకిటికీకడ మధూలిక యను న్యాయశాస్త్రవిద్యార్థిని కంప్యూటరు ముందు గూర్చుండి వ్రాయుచుండెను. జనుల ఫోనులయందును కంప్యూటరులయందును నిక్షిప్తమగు సమాచారమునకు గావలసిన కట్టుబాట్లను విచారించి ప్రభుత్వమునకు విన్నవించుట లాభాపేక్షలేని యా సంస్థ చేయు పని. అచ్చట ఇంటర్నుషిప్పునకై చేరిన యా భీమునిపట్టణపు కన్యకు తొలుతనే యొక గహనమగు ప్రశ్న లభించెను. మరణించినవారి ఖాతాలయందలి మాటలును చిత్రములును ఎవరికి జెందవలెను? వారసులడిగినచో సమస్తమును వారికీయవలెనని క్రొత్త నిబంధనల ముసాయిదా చెప్పుచుండెను. దానిపై సంస్థ యభిప్రాయమును రచించు భారము మధూలికపై బడెను.

ఆ ప్రశ్న యామెకు గ్రంథగతము మాత్రమే కాదు. రెండేండ్లకు మున్ను ఆమె యక్క మంజూష జ్వరపీడితయై యకాలమున గతించెను. నాటినుండి యా యింట మంజూష పేరు నెవ్వరును నోరార నుచ్చరింపలేదు. తల్లి మాత్రము "దాని ఖాతాలో ఏటేటి రాసుకుందో, ఒక్కసారి సూడాలనుందే" అని యప్పుడప్పుడు చిన్నకూతురితో ననుచుండెడిది. ఆ ఖాతాను నడపు కంపెనీకి తాను పెట్టుకొన్న అర్జీ ఫలించి యక్క ఖాతాను తెఱచు లింకు మధూలికకు జేరియుండెను. భయమో భక్తియో తెలియని తడబాటువలన నామె దాని నింకను తాకలేదు.

కావున నామె రచన హృదయమును కరగించుచు సాగెను. పోయినవారి ప్రతి పలుకును బ్రతికియున్నవారి సొత్తనియు దానిని నిరాకరించుట రెండవ మృత్యువనియు నామె వ్రాసెను. సంస్థ నడపు వైదేహి యను వృద్ధన్యాయవాది దానిని చదివి యిట్లనెను.

"చాలా బాగా రాశావమ్మా. ఇందులో అమ్మానాన్నల మాట ఉంది, తోబుట్టువుల మాట ఉంది. పోయిన మనిషి మాటేదీ?"



మఱునాడు సంస్థవారు జరిపిన ప్రజాభిప్రాయసభకు విజయనగరమునుండి సన్యాసినాయుడను పూర్వపు బస్సుకండక్టరొకడు వచ్చెను. రోడ్డుప్రమాదమున మరణించిన కూతురి సందేశములన్నియు నతనికి కంపెనీవారు దయచేసియుండిరి. ఆతడు లేచి నిలిచి మైకును రెండుచేతులబట్టి నేలచూపులతో నిట్లు పలికెను.

"అన్నీ సదివేను. ఒకడ్ని ఇష్టపడ్డాది, నాకు సెప్పడానికి బయపడ్డాది. బతికుంటే ఎప్పుడో తనే సెప్పునేమో. నాను ఆగలేదు. తలుపు కొట్టకుండా ఆడపిల్ల గదిలోకెల్లిపోయినట్టయింది. ఇప్పుడు దాని మొకం తలుసుకోవాలంటే సిగ్గేస్తంది."

మధూలిక మెల్లగ వెలికి వచ్చి తడియిసుకపై నడచుచుండ పొగమంచువంటి తుంపరలో మంజూష తన ప్రక్కన నడచుచున్నట్లే తోచెను. తాను గదిలోనికి బోయినప్పుడెల్ల నవ్వుచు ఫోనును బోర్లించి "నీకు చెప్పాల్సింది నీకు చెబుతాగా" అనుచుండిన యక్క కంఠము కెరటమునకును కెరటమునకును నడుమ స్పష్టముగ వినవచ్చెను. ఆమె తలత్రిప్పి చూచెను. అచ్చట వానయే యుండెను.

తిరిగివచ్చి యామె తొలి రచనను చెఱపివైచెను. బ్రతికియుండగ నొకరికి బంపిన మాట అందుకొన్నవారిదేయనియు తన తదనంతరము వేనిని ఎవరికీయవలెనో చెప్పుకొను వీలు ప్రతివారికి నుండవలెననియు చెప్పకయే పోయినవారి యాంతరంగికములు మూసియే యుండవలెననియు క్రొత్తగ వ్రాసెను. వైదేహి యక్షరమైనను మార్పక సంతకము చేసెను. తరువాతికాలమున వెలువడిన నిబంధనలయందు వారసులకు సమస్తమును అను మాట తొలగిపోయెను. తక్కిన సూచనలు గాలికిబోయెను.

అది తరువాతి మాట. ఆ సాయంకాలమే మధూలిక తల్లికి ఫోనుచేసి లింకు వచ్చిన సంగతియు సన్యాసినాయుని సంగతియు దాచక చెప్పి "తెరవమంటావా అమ్మా?" అని యడిగెను. తల్లి యేడ్చునేమోయని యామె వెఱచెను.

"దానికి సిన్నప్పట్నించీ గుట్టేనే" అని యావల తల్లి గొంతు పలికెను. "దొంగతనంగా జామకాయలు కోసుకొచ్చి గౌన్లో దాసుకునీది. ఇల్లంతా వాసనొచ్చీసేది. నాకు తెలీదనుకునీది మా మంజూష."

"నువ్వేమీ అనేదానివి కాదా?"

"ఎందుకంతాను? తనే తెచ్చి సేతిలో ఎట్టేదాకా ఊరుకునీదాన్ని." తల్లి సన్నగ నవ్వెను. "వద్దులేయే. దాన్నలా ఉండనీ."

మధూలిక యా లింకును తుడిచివైచెను. ఆవల తల్లి మాత్రము ఫోను పెట్టలేదు. మంజూష తొలినాటి బడి మంజూష యలుక మంజూష పాడలేక పాడిన పాటలు అని యొకదానివెంట నొకటి చెప్పుకొనుచు పోవుచుండెను. కిటికీకావల వాన వెలిసెను. మసకచీకటి సముద్రమున దూరముగ లంగరు వేసిన యోడ యొకటి తన గర్భమందలి సరకేదియో తీరమునకెఱిగింపకయే దీపములు వెలిగించుకొనెను.