గూట్లో మసి

తుడిచెయ్ అన్నాడు, సింకులో గిన్నెలు తోమెయ్ అన్నంత తేలిగ్గా, తడి స్పాంజి నా చేతిలో పెట్టి, టీవీ వాళ్లొస్తున్నారు తీతీనా, గూడు ఇంత నల్లగా ఉంటే ఏం బాగుంటుంది, అని నవ్వి వెళ్లాడు ఓరెస్తె, నా మొగుడు, ఈ తవ్వకాల పెద్ద, ఏమీ దొరక్కపోతే నెలాఖరుకి పని ఆపేస్తామని పురావస్తు శాఖ బెదిరించాక, నిన్న మేమంతా భోజనాలకు వెళ్లినప్పుడు ఈ వంటింటి గూట్లో ఒంటరిగా కంచు దేవుణ్ణి కనిపెట్టిన అదృష్టవంతుడు, కడక్కండి మేడమ్, దేవుడికి జలుబు చేస్తుంది, అంటాడు వెనక నుంచి కూలీ పాస్కాలె, చేస్తే చెయ్యనీ, నాకు చెయ్యలేదా ఇన్నేళ్లు, గూటి కింద గోడమీద గీసిన పాము మాత్రం ఇంకా గుడ్డు కోసం నోరు తెరుచుకునే ఉంది, రెండువేల ఏళ్ల కింద వెసూవియస్ అగ్నికొండ బద్దలవకముందు ఎవరో రోజూ దీపం పెట్టి, పైన్ గింజలు నిప్పులో వేసి, ఇల్లు కాచే లార్ దేవుళ్లకు మొక్కిన మసి ఇది, అమ్మ పోయాక అక్క మడోన్నా, అదే మేరీమాత బొమ్మ పట్టుకుపోతే అలమరలో మిగిలిన మచ్చలాంటి మచ్చ ఇక్కడా ఉందే, చుట్టూ నలుపు, మధ్యలో తెలుపు, ఒకటి కాదు, రెండు, రెండూ గుండ్రం.

గుండ్రం, బయట బల్లమీద టీవీ కోసం మెరుస్తున్న ఓరెస్తె దేవుడి పీట మాత్రం నలుచదరం, అంటే ఆ దేవుడు ఈ గూట్లో ఒక్క పూటా నిలబడలేదు, కొండ పేలిన రోజున ఎవరో తమ దేవుళ్లిద్దరినీ చంకలో పెట్టుకొని పరుగెత్తారు, నా మొగుడు ఏ దుకాణం నుంచో ఒకణ్ణి జేబులో వేసుకొచ్చాడు, ఆ గూడు ఖాళీగా ఉంటేనే నిజమని ఎవరు ఒప్పుకుంటారు, టీవీ ఖాళీని చూపించదు కదా, పాపం, చూసుకోలేదేమో, తొందరలో ఉన్నాడేమో, అని వాడికి సాకులు వెతికిపెట్టడం నాకు అలవాటే.

లేదు, చూశాడు, నిన్న మేం తిరిగొచ్చేసరికి టార్చి వాడి చేతిలోనే ఉంది, చూశాడు కాబట్టే స్పాంజి, తనే ఒక్క తుడుపు తుడిస్తే అయిపోయేది, తుడవలేదు, రేపెప్పుడైనా ఎవరైనా అడిగితే, మసి కడిగింది తీతీనా అని చెప్పడానికి, కావలసింది శుభ్రం కాదు, నా చెయ్యి.

స్పాంజిని బకెట్లో వదిలేశాను, శాఖ నుంచి వచ్చిన లొరెదానా గుమ్మం దగ్గర నిలబడి కాఫీ తాగుతోంది, మేడమ్, టార్చి పట్టుకొని ఒకసారి ఇలా వస్తారా అన్నాను.