తోడు కూర్చున్న నేరం

సందంతా పిన్ని అని పిలిచే ముసలామెను పట్టపగలు, అందరూ చూస్తుండగా, కుర్చీతో సహా ఎత్తి పోలీసు వ్యానులో పడేశారు. అప్పుడామె చేస్తున్న ఘోరమల్లా ఒక తలుపు ముందు కూర్చుని బఠానీలు ఒలవడం. కాళ్ళు వాచి ఉన్నాయి కాబట్టి లేవడం కాస్త ఆలస్యమైంది, దానికే కుర్చీతో లేపారు. బఠానీలు మెట్ల మీదుగా దొర్లుకుంటూ పోతే బూటుకాళ్ళతో తొక్కేశారు. నేను పైమెట్టు మీద నిలబడి ఇదంతా చూశాను. సాక్ష్యం చెప్పమంటే ఎక్కడైనా చెబుతాను గానీ ఇంతవరకూ ఎవడూ అడగలేదు.

ఈ సభకొచ్చిన మీరు కార్మికులు, విద్యార్థులు. మా సందులో జరిగే పని ఏమిటో తెలియనట్టు మొహాలు పెట్టకండి, నాకు నవ్వొస్తుంది. మీకు తెలియనిది ఒక్కటే ఉంది, అది చెబుతాను. మా దగ్గర ఎవరూ ఒంటరిగా పని చెయ్యరు. ఒకరు గదిలో ఉంటే ఇంకొకరు తలుపు బయట కూర్చుంటారు. ఆ మనిషిని తోడు అంటాం. కాసేపటికోసారి తోడు బయటినుంచి "నీళ్ళు కావాలా?" అని అడుగుతుంది. లోపలినుంచి "వద్దు" అని వినబడితే అంతా బాగున్నట్టే. "కావాలి" అన్నా, అసలు జవాబే రాకపోయినా, తోడు కేక వేస్తుంది. సందు సందంతా వచ్చి ఆ తలుపు మీద పడుతుంది. కత్తి దాచుకుని వచ్చినవాళ్ళను, తాగి గొంతు పిసికినవాళ్ళను అలాగే పట్టుకున్నాం. మేమింకా బతికున్నామంటే ఆ తోడు వల్లే, ఏ ప్రభుత్వమూ మమ్మల్ని బతికించలేదు.

వయసు మళ్ళాక పిన్ని పని మానేసి తోడు కూర్చోవడమే పెట్టుకుంది. ఆమె తిండీ మందులూ మేమే చూసుకునేవాళ్ళం, సొంత పిన్నిలాంటిదాన్ని చూసుకోమా? చట్టానికి మాత్రం అది వేరేలా కనబడింది. తలుపు దగ్గర కూర్చుంటుంది కాబట్టి ఆమె వ్యభిచార గృహం నడిపే మనిషట. మా అన్నం తింటుంది కాబట్టి మా సంపాదన మీద బతికే జలగట. బెయిలు కూడా ఇవ్వలేదు. శిక్ష పడితే ఆ వాచిన కాళ్ళతో మళ్ళీ జైలు గేటు దాటి రాదని మా అందరికీ తెలుసు. అప్పుడు మా వకీలమ్మ ఒక దారి చెప్పింది. ఆ చట్టాన్ని తిరగరాయడానికి నిపుణుల కమిటీని వేశారు. తోడు కూర్చోవడం నేరం కాదని ఆ కమిటీ ఒక్క మాట రాస్తే పిన్ని కేసు నిలబడదు.

ఇక ఆ నిపుణుల సంగతి వినండి. అధ్యక్షుడు రిటైరైన జడ్జి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మమ్మల్ని జైలుకి పంపాడు, ఇప్పుడు ఎందుకు పంపానా అని ఆలోచించడానికి కారూ బంగళా ఇచ్చారు. రెండో నిపుణుడు మాజీ పోలీసు అధికారి. మా విషయంలో ఆయనకున్న అనుభవం మా సందులో తెలిసినంత ఆయన ఇంట్లో తెలియదు. మూడో ఆవిడ ప్రొఫెసరు. మా మీద దిండంత పుస్తకం రాసింది, మాలో ఒక్కరితోనూ మాట్లాడకుండానే రాసింది. ముగ్గురూ ఒకసారి సందు చూడటానికి వచ్చారు. బస్సులో వచ్చి బస్సులోనే పోయారు, అద్దాలు కూడా దించలేదు. ప్రొఫెసరమ్మ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని మావైపు చెయ్యి ఊపింది. మా చిన్నది తిరిగి చెయ్యి ఊపింది, పిచ్చిమొహం.

చిన్నది అంటే చిన్నపిల్ల కాదు, ముప్పై దగ్గరపడింది. సందుకి అందరికంటే చివర వచ్చిందని ఆ పేరు.

విచారణకు ఒక ప్రతినిధిని పంపమని కమిటీ కబురు పెట్టింది. ఒక్కరే రావాలట. పిన్ని గదిలో మీటింగు పెట్టుకున్నాం. మీటింగంటే మీ మీటింగుల్లా కాదు, అందరూ ఒకేసారి అరుస్తారు. ఒకప్పుడు కుట్టుపని చేసిన మిషనక్క, తలమీద ముసుగేసుకుని వెళ్ళి నాలుగు కన్నీళ్ళు కార్చి రమ్మంది. పెద్దవాళ్ళకు మనం ఏడిస్తే ముచ్చటగా ఉంటుందంది. బుల్లెట్ అని మేం పిలిచేది లేచి ఆమె మీద విరుచుకుపడింది. ఏడిస్తే మనల్ని రక్షణ గృహంలో పెట్టి తాళం వేస్తారు, పిన్ని జైల్లోనే ఉంటుంది అంది. చివరికి మర్యాదగా మాట్లాడటం వచ్చని చిన్నదాన్ని పంపుదామనుకున్నాం. దానికి తోడెవరు అని ఎవరో అడిగితే అందరం నవ్వాం. పట్టపగలు, చల్లటి హాలు, జడ్జిగారు, ప్రొఫెసరుగారు, అక్కడ తోడెందుకు? రౌడీల దగ్గరికి ఏనాడూ ఒంటరిగా పంపని మేం, చదువుకున్నవాళ్ళ దగ్గరికి దాన్ని ఒంటరిగా పంపాం.

చాలా మర్యాద చేశారట. కుర్చీ వేశారు, బిస్కెట్లు పెట్టారు. ప్రొఫెసరమ్మ దాని చెయ్యి నిమురుతూ, పాపం ఆ ముసలావిడకు తిండి ఎవరు పెడతారని అడిగింది. మేమే అని ఇది గర్వంగా చెప్పింది. మీరు లోపలుంటే ఆవిడ బయటే కాపలా ఉంటుందా? ఉంటుంది. ఆవిడ లేకపోతే పని చేస్తారా? అమ్మో, ఎలా చేస్తాం, భయం కదా. ముగ్గురూ తలలూపి రాసుకున్నారు. మధ్యాహ్నానికి మాజీ పోలీసు టీవీలో కనబడ్డాడు. ముసలిది కాపలా కాస్తుందనీ, వీళ్ళ సంపాదన తింటుందనీ, ఆమెకు భయపడకుండా ఒక్కరూ పని చెయ్యలేరనీ బాధితురాలే ఒప్పుకుందట. ఇలాంటివాళ్ళకు శిక్ష రెట్టింపు చెయ్యాలని కమిటీ అనుకుంటోందట.

చిన్నది గోడకు తల కొట్టుకుంది. తన నోటితోనే పిన్నికి ఉరి బిగించానని ఏడ్చింది. బుల్లెట్ దాని తల పట్టుకుని ఆపింది.

"నోర్ముయ్యవే. తప్పు నీది కాదు, మాది. తోడు లేకుండా పంపాం. రేపు అందరం పోదాం."

పోయాం. సందులో తాళాలన్నీ వేసి పోయాం. గేటు దగ్గర కాపలావాళ్ళు ఆపితే ఆ హాలు ఊడ్చే స్వీపరమ్మలు వెనక వాకిలి తీశారు. మమ్మల్ని చూసి వాళ్ళలో కొందరు చీరలు సర్దుకుని పక్కకి జరిగారు, ఆ మాట దాచను. వాళ్ళ పెద్దమ్మ మాత్రం ఎవరికోసం వచ్చారని అడిగింది. పిన్ని కథ చెప్పాం. ఆవిడ చీపురు గోడకి ఆనించి, ఇక్కడికి రాకముందు, తెల్లారకుండానే ఖాళీ రోడ్లు ఊడుస్తాం, మేమూ ఇద్దరిద్దరమే పోతామమ్మా అంది.

బుల్లెట్ ప్రతినిధినని చెప్పి లోపలికి వెళ్ళింది. మేం గడప బయట నేలమీద కూర్చున్నాం, అందరికంటే ముందు చిన్నది. కాసేపటికి అది గొంతెత్తి అడిగింది, నీళ్ళు కావాలా అని. లోపలినుంచి వద్దు అని బుల్లెట్ గొంతు. ఇక్కడ బోలెడు సీసాలున్నాయి కదా అని ప్రొఫెసరమ్మ విసుక్కోవడం మా అందరికీ వినబడింది. దిండంత పుస్తకం రాసిన మనిషి.

తోడు గురించి ఆ ఒక్క మాట రాసేదాకా కదలనని బుల్లెట్ కూర్చుందట. మాజీ పోలీసుకు పాత బుద్ధి లేచింది. వెళ్ళి తలుపు గడియ వేశాడు. నోరు మూసుకుని, నిన్న చిన్నది చెప్పింది రాసుకున్న కాగితం మీద వేలిముద్ర వేసి పో, లేకపోతే ముసలిదాని పక్కన నిన్నూ పెడతానని మీదికి వచ్చాడు. జడ్జిగారు గోడమీది బొమ్మ చూస్తూ కూర్చున్నారట. గడియ చప్పుడు వినగానే చిన్నది మళ్ళీ అడిగింది. ఈసారి "కావాలి" అని వచ్చింది.

చిన్నది కేక వేసింది. ఆ తలుపు టేకుది, గడియ ఇత్తడిది. అయితేనేం, మేం తలుపులు విరగ్గొట్టి మనుషుల్ని కాపాడుకున్నవాళ్ళం. ఒక్క తోపుకి ఊడొచ్చింది. మాజీ పోలీసు కుర్చీ అడ్డం పెట్టుకున్నాడు. జడ్జిగారు కర్టెన్ వెనక్కి పోయారు, బూట్లు బయటే కనబడుతున్నాయి. మీకోసం పుస్తకం రాశానమ్మా అని ప్రొఫెసరమ్మ వణుకుతోంది. వాళ్ళమీద మేం చెయ్యి వెయ్యలేదు, అంత విలువ ఇవ్వలేదు. చిన్నది బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"నిన్న నేను చెప్పింది సగమే రాసుకున్నారు. తోడంటే ఇదీ. రాసుకోండి."

ఎవరూ కలం తియ్యలేదు. పోలీసులు వచ్చారు. ఈ గుంపుని నడిపేదెవతె అని ఇనస్పెక్టరు అరిచాడు. చిన్నది ముందుకొచ్చింది. దాని చెయ్యి పట్టుకుని మిషనక్క, ఆమె చెయ్యి పట్టుకుని ఇంకొకతె. వ్యానుల్లోకి తోస్తుంటే, ఖాళీ అయిన గడప మీద స్వీపర్ల పెద్దమ్మ వచ్చి చతికిలబడింది. బుల్లెట్‌ని ఇంకా లోపలే అట్టిపెట్టి ప్రశ్నలేస్తున్నారు, ఆ పిల్ల ఒంటరిగా ఉందని ఆవిడ అంది. చీరలు సర్దుకున్నవాళ్ళు కూడా వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నారు. వాళ్ళనూ ఎత్తారు. చోటు చాలక నన్ను కిందికి దించేశారు, అందుకే మీ ముందు నిలబడి మాట్లాడుతున్నాను.

ఇక చట్టం తెలివి చూడండి. తలుపు దగ్గర కూర్చున్న వాళ్ళందరిమీదా పిన్ని మీద పెట్టిన కేసే పెట్టారు. మా సందు మొహం ఎరగని స్వీపరమ్మలు కూడా వ్యభిచార గృహం నడిపేవాళ్ళే అయ్యారు. ఊళ్ళో స్వీపర్లంతా అదే రోజు చీపుళ్ళు పక్కన పడేశారు. చెత్త ఇప్పుడు కమిటీ అధ్యక్షుడి గేటు దాకా పెరిగింది.

నిన్న కోర్టులో అందర్నీ నిలబెట్టారు. పిన్ని ఒక్కతే కుర్చీలో ఉంది. అక్కడి జడ్జి స్వీపర్ల పెద్దమ్మను ముందుకు పిలిచి, మీరు మర్యాదస్తులు, ఈ ఆడవాళ్ళతో మాకు సంబంధం లేదని చెప్పి బెయిలు తీసుకుని ఇంటికి పోండి అన్నాడు. ఆవిడ పిన్ని వైపు చెయ్యి చూపించింది.

"ముందు ఆవిడకు ఇవ్వండయ్యా. మేం ఆ తర్వాత తీసుకుంటాం."

జడ్జి స్వీపరమ్మలను ఒక్కొక్కరినీ అడిగాడు. ఒక్కొక్కరూ అదే చెప్పారు. అందర్నీ మళ్ళీ జైలుకే పంపాడు. పిన్ని కుర్చీని ఈసారి పోలీసుల్ని ముట్టుకోనివ్వలేదు, స్వీపరమ్మలే నలుగురు నాలుగు వైపులా పట్టుకుని మోసుకెళ్ళారు.