ఆవుల మధ్య చలికాలం గడిపిన బండి

సాయంత్రం భోజనం ముగించి యన్నా పెరుగు గిన్నె అందుకునేలోగానే డౌవె బల్ల మీద మ్యాపు పరిచేవాడు. ప్రతి జనవరిలోనూ అంతే. కిటికీ అవతల, బెల్జియంకి ఉత్తరాన ఉన్న తమ ఫ్రీస్లాండ్ పొలాలన్నీ నీళ్ళలో నానుతుంటే, ఇవతల మొగుడూ పెళ్ళాం దక్షిణానికి దారి వెతుక్కునేవాళ్ళు.

"స్పెయిన్ మీద పెరుగు పడితే నన్ననకు," అంది యన్నా.

"స్పెయిన్ మడిచి పెడతాలే. ముందు బెల్జియం దాటాలిగా."

"ఆంట్‌వెర్ప్ చుట్టూ తిరిగే ఆ రోడ్డు మీదికి మాత్రం నేను రాను. పోయినసారి అక్కడ ట్రాఫిక్‌లో నిలబడి స్వెటరుకి ఒక చెయ్యంతా అల్లాను."

"రెండో చెయ్యి పారిస్ దగ్గర అల్లావు. స్వెటరు పూర్తయిందా లేదా?"

డౌవె కాలువ మీద వంతెన ఎత్తి దించే పని చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా పక్కవాళ్ళ పడవలకి దారి ఇవ్వడంతోనే సరిపోయింది. అందుకని ఈసారి తన దారి పెద్దదిగా ఉండాలని పట్టుపట్టాడు. బెల్జియం, ఫ్రాన్సు, స్పెయిను దాటి పోర్చుగల్ చేరి, సముద్రం అడ్డం వచ్చాకే ఆగాలి. పక్కింటి సికో కాఫీకి వచ్చినప్పుడల్లా మ్యాపు చూసి నవ్వేవాడు.

"మీ ప్రయాణమే నయం. జనవరిలో బయల్దేరి ఫిబ్రవరికి తిరిగొచ్చేస్తారు, ఈ బల్ల మీదే. కాళ్ళకి చెప్పులు కూడా అక్కర్లేదు."

కారు వెనక తగిలించుకునే ఇంటిబండి ఒకటి వాళ్ళకుంది. మరీ చిన్నది. మంచం పరిస్తే బల్ల ఉండదు, బల్ల వేస్తే మంచం ఉండదు. చలికాలమంతా దాన్ని ఊరి చివర డౌవె అక్క టెట్ కొట్టంలో ఉంచేవాళ్ళు. ఊళ్ళో అందరి బళ్ళూ అక్కడే, ఆవుల వరస చివర నిలబడి ఉండేవి.

అన్ని నెలలు ఆవుల పక్కన నిలబడ్డ బండికి ఆవు గుణం కొంత అబ్బుతుంది. అది అందరికీ తెలిసిందే. సికో బండి వాన రాబోయే ముందు గాలికి వీపు తిప్పి నిలబడేది. బడిపంతులు బండిలో ఉప్పు డబ్బా ఎక్కడ దాచినా పొద్దున్నకి అటువైపు ఒరిగి ఉండేది. డౌవె బండి అందరికంటే ఎక్కువ చలికాలాలు అక్కడ గడిపింది, అదీ మందని నడిపించే ముసలి ఆవు పక్కనే. వసంతంలో ఆవుల్ని మొదటిసారి పచ్చికలోకి వదిలిన రోజున అవి దూడల్లా గంతులేస్తుంటే ఊరంతా కంచె దగ్గర చేరి చూసేది. ఆవుల వెనకే బయటికొచ్చిన డౌవె బండి కూడా రెండు చక్రాల మీద ఓ చిన్న గంతు వేసేది. లోపల కప్పులుంటే పగిలేవి. అందుకని యన్నా ప్లాస్టిక్ కప్పులు కొంది.

ఈ ఏడు ఆ గంతులు లేవు. అరవై ఆవుల్ని ఒంటిచేత్తో చూసుకోవడం ఇక తనవల్ల కాదని ఫిబ్రవరిలో టెట్ మందనంతా అమ్మేసింది. ఇల్లూ పొలం కూడా చేతులు మారుతున్నాయి. జూన్‌లో ఆమె పట్నంలో నాలుగో అంతస్తు ఫ్లాటులోకి వెళ్ళాలి.

"లిఫ్టుందిట. ఆవు కూడా పడుతుందిట," అంది టెట్. "కానీ ఒప్పుకోరుట."

నవ్వుతూనే అంది. ఆ తర్వాత ఖాళీ కొట్టాన్ని రోజూ తెల్లవారకముందే లేచి ఊడ్చేది. తిండి సగమయింది. ఆ నాలుగో అంతస్తులో ఆమె ఎన్నాళ్ళు బతుకుతుందో అని యన్నాకి లోలోపల భయంగా ఉండేది. కానీ ప్రయాణానికి రమ్మని టెట్‌ని ఎవరూ అడగలేదు. ఆవులున్న రోజుల్లో అడిగితే ఎగతాళి చేసినట్టుండేది. ఆవులు వెళ్ళాక కూడా ఎవరికీ తోచలేదు. అడక్కపోవడమే అలవాటయిపోయింది.

మే నెలలో ఒక పొద్దున డౌవె కారు తీసుకుని కొట్టానికి వచ్చాడు. సామాను ముందే సర్దేశారు. బంగాళాదుంపల బస్తా, పీనట్ బటర్ డబ్బాలు, కాఫీ పొడి, చీజు చక్రం.

"స్పెయిన్‌లో తిండి దొరకదా?" అన్నాడు సాగనంపడానికి వచ్చిన సికో.

"దొరుకుతుంది. మన దుంపలు దొరకవు," అన్నాడు డౌవె.

కొక్కెం తగిలించి కారు కదిలించాడు. బండి రాలేదు. కారు చక్రాలు గిర్రున తిరిగి సికో ప్యాంటు నిండా బురద చిమ్మాయి.

"బ్రేకు తీశావా?" అన్నాడు సికో, ప్యాంటు దులుపుకుంటూ.

"తీశాను."

"మళ్ళీ తీసి చూడు."

తీసే ఉంది. కొక్కెం మీద బండి ముక్కు భారం ఎక్కువయిందేమోనని డౌవెకి అనుమానం వచ్చింది. అక్కడివాళ్ళంతా చేసినట్టే స్నానాలగదిలో బరువు చూసుకునే మిషను తెచ్చి ముక్కు కింద పెట్టాడు. ముల్లు ఒక చుట్టు తిరిగి, అద్దంలోపలే విరిగిపోయింది.

"దుంపలు," అంది యన్నా.

దుంపలు దించారు. తర్వాత కుర్చీలు, గుడారం, పనిముట్ల పెట్టె. గడ్డి మీద చిన్న సంత పెట్టినట్టయింది. బండి మాత్రం కాళ్ళు భూమిలో పాతుకున్న ఆవులా అలాగే ఉంది.

టెట్ చీపురు గోడకి ఆనించి వచ్చింది. "అలా లాగితే ఏ ఆవూ రాదురా. లోపల ఏదైనా గుచ్చుకుంటోందేమో, ఉండు," అని ఎక్కి లోపలికి వెళ్ళింది.

ఆమె రెండో కాలు లోపల పెట్టగానే బండి పైకి లేచింది. కుంగిన చక్రాలు మట్టిలోంచి బయటికొచ్చాయి. అది తనంతట తానే ఒక బారెడు ముందుకొచ్చి కారుని వెనకనుంచి మెల్లగా పొడిచింది. టెట్ దిగింది. బండి మళ్ళీ కుంగింది.

సికో టోపీ తీసి తల గోక్కున్నాడు. "మందలో ఒకటి మిగిలిపోతే ముందు నడిచే ఆవు కదలదు," అన్నాడు. "నీకు చెప్పాలా డౌవె."

"మేం ఇద్దరమే కదా వెళ్ళేది."

"లెక్క నీది కాదయ్యా, దానిది."

టెట్ ఏప్రాన్‌తో చేతులు తుడుచుకుంది. "నన్ను చూడకండి. నాకు సామాను సర్దుకోవాలి, జూన్ వచ్చేస్తోంది."

డౌవె చక్రం వైపు చూశాడు. జనవరి నుంచి గీసుకున్న దారంతా ఇద్దరికే గీశాడు. "అది ఇద్దరి మంచం అక్కా. పైగా నీకు గురక."

"నాకా? నువ్వు గురక పెడితే పడవ కూత అనుకుని వంతెన ఎత్తేస్తారని అమ్మ భయపడేది."

"నిజమే," అంది యన్నా. "వదినా, నేనడుగుతున్నాను. మాతో వస్తావా?"

టెట్ ఖాళీ కొట్టం వైపు ఒకసారి చూసింది. ఊడ్చాల్సింది ఏమీ లేదు.

"చెక్కచెప్పులతో కారెక్కితే నీ మొగుడు గొణుగుతాడు," అంది. "మార్చుకుని వస్తాను."

దుంపలు మళ్ళీ ఎక్కించారు. టెట్ కారులో వెనక కూర్చుంది. బండి సరిహద్దులు దాటుతూ ఊలుబంతిలా దొర్లుతూ వచ్చింది. ఆంట్‌వెర్ప్ దగ్గర ఎప్పటిలాగే ఆగిపోయారు. యన్నా మేజోడు అల్లింది, టెట్ రోడ్డవతల పొలంలో ఆవులకి పేర్లు పెట్టింది. రాత్రిళ్ళు టెట్ బండి పక్కన గుడారంలో పడుకునేది. ఫ్రాన్సుకి వచ్చేసరికి ఆమె తన గిన్నెలో రెండోసారి వడ్డించుకుంటోందని యన్నా గమనించింది.

స్పెయిన్ ఉత్తరాన అస్తూరియాస్ కొండల్లో ఒక మలుపు దగ్గర బండి ఆగిపోయింది. ప్లాను ప్రకారం ఆగాల్సింది సముద్రం ఒడ్డున. ఎదురుగా ఏటవాలు పచ్చిక, అందులో పదో పన్నెండో గోధుమరంగు ఆవులు. చేతికర్ర మీద ఆనుకుని ఒకావిడ ఒక్కచేత్తో గేటు మూయాలని చూస్తోంది, గేటు మాట వినడం లేదు. ఆమె పేరు ఒలాయా. చలికాలంలో జారిపడి తుంటి విరిగిందట. పిల్లలు లేరు, పనివాళ్ళు నిలవడం లేదు. ఇదంతా చేతులతో చెప్పింది. టెట్ కారు దిగి గేటు మూసి, ఆ తర్వాత కొట్టం ఎటని చేత్తో అడిగింది.

డౌవె మూడు రోజులు ఓపిక పట్టాడు. "ఈపాటికి పోర్చుగల్‌లో ఉండాలి మనం," అన్నాడు నాలుగో రోజు.

"ఉండండి, ఎవరు వద్దన్నారు," అంది టెట్. ఆమె ముఖం ఎండకి కమిలింది. చేతులకి పాల వాసన. "యన్నా, ఆ ఫ్లాటువాళ్ళకి ఫోన్ చేసి ఎవరికైనా ఇచ్చెయ్యమను. లిఫ్టు నచ్చేవాళ్ళకి."

"మరి భాష?" అన్నాడు డౌవె.

"ఆవిడ మాట్లాడుతూనే ఉంటుంది, నేనూ మాట్లాడుతూనే ఉంటాను. వినే తీరిక ఇద్దరికీ లేదు."

"అక్కా, మా బండి కదలదు నువ్వు లేకపోతే."

"లాగి చూడు."

డౌవె బండి పిడి పట్టుకుని, నడుం బిగించి, ఊపిరి బిగబట్టి లాగాడు. అది ఒక్క వేలికే వచ్చేసింది. అంత తేలిగ్గా వస్తుందనుకోలేదేమో, అతను వెనక్కి తూలి కారుకి ఆనుకున్నాడు. కొక్కెం తగిలించాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాడు. యన్నా కారు తలుపు తీసి పట్టుకుంది, తొందర పెట్టలేదు.

చెయ్యి ఊపుదామని అక్క వైపు తిరిగాడు. ఆమె ఇటు చూడటంలేదు. ఒక దూడ ఆమె గౌను అంచు నోట్లో పెట్టుకుని లాగుతోంది. టెట్ దాన్ని అచ్చమైన ఫ్రీస్లాండ్ భాషలో, తీరిగ్గా, ఒక్కొక్క తిట్టే నేర్పుతున్నట్టు తిడుతోంది.