గుడ్డ పోతే పోనీ

హెందార్తో అనే మా జట్టు మేనేజరు విమానం తలుపు దాకా వచ్చి మరీ చెప్పాడు. పంకా రెక్కల గాలికి నూనె రాసిన జుట్టు చెదరకుండా ఒక చేత్తో నొక్కుకుని, రెండో చేత్తో వెనింగ్ వీపు మీది పారాచూట్ సంచీని తట్టాడు.

"చూడమ్మా, ఇది మన ప్రాంతం సొమ్ము. కొత్త గుడ్డ. గాలి సముద్రం వైపు వీస్తోంది. చిన్న తేడా రాగానే కంగారుపడి వదిలేసుకోకు. కాస్త సర్దుకుని దింపు. గుడ్డ పోయిందంటే జట్టులో నీ చోటు కూడా పోయినట్టే."

"సరే పాక్," అంది వెనింగ్, మా వైపు పెద్దవాళ్ళను పిలిచే గౌరవంతో.

నేను ఆమె పట్టీలు మరోసారి లాగి చూశాను. చావు గురించి తెలియనివాడితో వాదించి లాభం లేదు.

జాతీయ క్రీడలకు వెళ్ళే ఆడవాళ్ళ జట్టుకు అది చివరి ఎంపిక. పారాచూట్‌తో దిగి, గాలి నింపిన పరుపు మీది చిన్న గుండ్రటి గుర్తును మడమతో తొక్కాలి. వెనింగ్ ఆ పనిలో గట్టిది. నేను వాళ్ళ శిక్షకుణ్ణి. ఆమె వెనకే నేనూ దూకాలి.

విమానం చేపల చెరువుల మీదుగా పైకి లేచింది.

"భయమా?" అన్నాను.

"ఆకలి మాష్టారూ."

"తిని ఎక్కితే నా మీదే కక్కుతావు."

"ఆ రోజు కక్కింది తిండి వల్ల కాదు, మీ ఉయ్యాల వల్ల."

ఉయ్యాల అని ఆ పిల్లలే పేరు పెట్టారు. షెడ్డులో దూలానికి పట్టీలు వేలాడదీసి, అందులో ఒకరిని బిగించి, తాళ్ళు మెలిపెట్టి వదులుతాను. తిరుగుతున్నంతసేపూ చెవి దగ్గర చేరి నంగనాచి మాటలు చెబుతాను. గుడ్డ ఖరీదైనది, వదలకు. ఇంకొక్కసారి గుంజు, విడిపోతుంది. పైవాళ్ళు ఏమంటారు? నా మాట విని ఆగినవాళ్ళను మళ్ళీ తిప్పుతాను. ఆగకుండా, గుడ్డను వదిలించే పిడి లాగినవాళ్ళను దింపుతాను. నా భార్య ఒకసారి అన్నం తెచ్చి ఇదంతా చూసింది. "ఆడపిల్లల్ని ఇలా ఏడిపిస్తే రేపు నిన్ను మోయడానికి ఎవరూ రారు," అంది. ముందు ఆమెనే మోయాల్సి వచ్చింది. ఆ రోజు ఆమె అన్నదమ్ములు ఒక్కరూ రాలేదు. వాళ్ళ ముఖం నేను మళ్ళీ చూడలేదు. చూడను.

వెనింగ్ దూకింది. కొద్ది క్షణాలాగి నేను దూకాను.

నా పారాచూట్ తెరుచుకోగానే కిందికి చూశాను. ఆమెది కూడా తెరుచుకుంది కానీ కుడి పక్క తాళ్ళు ముడిపడి ఆ అంచు లోపలికి ముడుచుకుంది. గుడ్డ కుడికి ఒరిగి ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు ఇంకా వేగంగా తిరిగింది. మూడో చుట్టుకి ఆమె గుడ్డ కింద లేదు, పక్కన ఉంది. ఒడిసెలలో రాయిలా ఆమెను బయటికి విసిరేసి తిప్పుతోంది. అలా తిరిగేటప్పుడు గుడ్డ దించదు, కూలుస్తుంది.

ఆమె రెండు బ్రేకు తాళ్ళూ కింది దాకా గుంజి వదిలింది. ముడి విడలేదు. మళ్ళీ గుంజింది. విడలేదు.

నా అరుపు ఆమెకు వినిపించే దూరమే. అరవలేదు. ఇప్పుడు అరిస్తే తర్వాతి మాట కోసం ఆగుతుంది.

మణికట్టు మీది ఎత్తు మీటరు వైపు తల తిప్పింది. కుడి చెయ్యి రొమ్ము దగ్గరికి వెళ్ళి ఖాళీగా తిరిగొచ్చింది. ఆ ఊపుకి పట్టీలు పైకి జరిగి, ఎర్ర పిడి ఉండాల్సిన చోట లేదు. తడుముకునే వాళ్ళు అక్కడే పోతారు. ఆమె తడుముకోలేదు. గడ్డం కిందికి వంచి పిడిని కళ్ళతో వెతికి, రెండు చేతులా పట్టుకుని చాచి లాగింది.

గుడ్డ ఊడి, తాడు తెగిన బట్టలా గాలికి కొట్టుకుపోయింది. ఆమె వెల్లకిలా పడిపోతూనే ఎడమ పక్క లోహపు పిడి లాగింది. తెల్లటి రిజర్వు పారాచూట్ విచ్చుకుంది. తిరగకుండా నిలబడింది.

పైన ఉన్నవాడు ఊడిన గుడ్డ ఎక్కడ పడుతుందో చూడటం మా ఆనవాయితీ. నేను మాత్రం ఆమె వెంటే దిగాను.

మైదానం చివర, చెరువు గట్టు పక్కన గడ్డిలో కూర్చుని ఉంది.

"ఎన్నిసార్లు గుంజావు?"

"రెండు."

"అంత ఎత్తులో ఒకటి చాలు."

"రెండోది మేనేజరు గారి కోసం మాష్టారూ."

"లే."

"కాసేపు కూర్చోనివ్వండి మాష్టారూ."

"ఇప్పుడు కూర్చుంటే ఇక ఎప్పటికీ దూకవు. లే."

లేచింది. ఈలోగా హెందార్తో మోటారు సైకిలు మీద వచ్చాడు.

"గుడ్డేదీ?"

"సముద్రంలో ఉంటుంది," అన్నాను.

"మీరు పైనే ఉన్నారు కదా పాక్ వాగిమిన్. ఎక్కడ పడిందో చూడాలని తెలీదా?"

"తెలుసు. చూడలేదు."

"మరేం చూశారు?"

"ఈమె కాళ్ళు నేలకి తగలడం."

అతను ఆమె వైపు తిరిగాడు. "సర్దుకుని దింపమని చెప్పానా లేదా?"

"చెప్పారు పాక్. మాష్టారు కూడా షెడ్డులో రోజూ అదే చెబుతారు. ఆ మాట వినగానే చెయ్యి దానంతటదే పిడి మీదికి పోతుంది."

అతనికి అర్థం కాలేదు.

"సరే. ఈమె జట్టులో లేదు. దూకడానికి ఇంకో గుడ్డ కూడా లేదు."

"నాది ఉంది."

"అది పాతది."

"నా అంత పాతది కాదు. మధ్యాహ్నం చివరి దూకుడుంది. తీసెయ్యాలనుకుంటే అది చూసి తీసెయ్యండి. ఇప్పుడే తీసేస్తే జట్టులో మిగతా నలుగురు అమ్మాయిలనూ నేను విమానం ఎక్కించను."

ఎక్కించనంటే ఎక్కించనని అతనికి తెలుసు. మోటారు సైకిలు తిప్పుకుని వెళ్ళాడు.

వెనింగ్ ఆకులో చుట్టిన అన్నం సగం తిని, సగం నాకు ఇచ్చింది. తిన్నాక నా పట్టీలు ఆమె ఒంటికి సరిపోయేలా బిగించాను.

"మీ గుడ్డ నాకు పెద్దది. గాలి వెనక్కి తోసేస్తుంది."

"అయితే గుర్తుకి ఇంకాస్త దగ్గరికి వచ్చాకే గాలికి ఎదురు తిరుగు."

"ఇదీ పొద్దుటి దానిలా గిరగిరా తిరిగితే?"

"వదిలెయ్."

"మీకు ఇంకోటి లేదుగా మాష్టారూ."

"లేదు. వదిలెయ్."

ఈసారి నేను కింద ఉన్నాను. పరుపు అవతల హెందార్తో నిలబడ్డాడు. నలుగురూ ఒకరి తర్వాత ఒకరు దిగారు. చివర నా రంగు వెలిసిన గుడ్డ గాలికి ఎదురు తిరిగి, ఊగకుండా, మెట్లు దిగినట్టు దిగింది. ఎడమ మడమ గుర్తుకి నాలుగు వేళ్ళ దూరంలో పడింది. ఆ నలుగురిలో ఇద్దరికంటే దగ్గర. హెందార్తో వంగి చూశాడు. జుట్టు సర్దుకున్నాడు. ఆమె పేరు తీసెయ్యలేదు, బాగుందనీ అనలేదు.

వెనింగ్ గుడ్డ పోగుచేసి నా ముందుకు తెచ్చి ఇచ్చింది.

"నాకెందుకు? నువ్వే మడత పెట్టు. పొద్దున మడతలో ఎక్కడ తప్పు చేశావో పెడుతూ చెప్పు."

ఆమె గడ్డి మీద మోకాళ్ళూని, తాళ్ళు ఒక్కొక్కటే వేళ్ళ మధ్య జరుపుతూ చెప్పడం మొదలుపెట్టింది.